ఖాళీ వ్యాగన్లు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక పెట్టె రోజూ మధ్యాహ్నం మూడుంబావుకి చచ్చిపోయేది. మూడున్నరకి నేను దాన్ని బతికించేదాన్ని. సాయంత్రం టీ వేళకల్లా ఆ చావుకి కారణం నేనేనని మా క్వార్టర్ల వరసలో మగవాళ్లంతా తేల్చేసేవారు.

రెండువేల ఆరో సంవత్సరం, ఇనుపగనుల ఊరు కిరండూల్. కొండమీద గనికీ కింద మాకూ ఒకటే ఎర్రదుమ్ము. వాన పడితే అదే ఎర్రబురద. మా వరసలో ఎనిమిది క్వార్టర్లకి కలిపి ఒకే ఒక ఇంటర్నెట్ లైను వచ్చింది. ఆఫీసులో పారేసిన పాత కంప్యూటర్నొకదాన్ని అప్పట్లో మా వరసలోనే ఉన్న గవర్రాజు గారు బాగుచేసి, లైనుని అందులోకి దూర్చి, అక్కడినుంచి కిటికీల గుండా ఎనిమిదిళ్లకీ తీగలు లాగారు. ఏ ఇంట్లో ఎవరేం అడిగినా ఈ పెట్టే బయటికెళ్లి తెచ్చి, ఆ ఇంటికి అప్పజెప్పాలి. గేట్‌వే అనేవారు దాన్ని. మా ఇల్లు వరస మధ్యలో ఉంది, తీగ తక్కువ పడుతుందని మా ముందుగదిలో పెట్టారు. పెట్టిన నెలకే గవర్రాజు గారికి విశాఖపట్నం బదిలీ అయింది. వెళుతూ వెళుతూ ఒక రూళ్ల నోటుబుక్కు నా చేతికిచ్చి, "చక్రధరరావుకి తీరికుండదు. మీరు బీఎస్సీ కదా తాయారమ్మ గారూ, కాస్త మీరే చూస్తుండండి" అన్నారు.

చక్రధరరావంటే మా ఆయన, లోడింగ్ ప్లాంటులో ఫోర్‌మన్. ఆయనకి నిజంగానే తీరికుండదు. నా దగ్గర ఆ సరుకు బోలెడు. పెళ్లితో బీఎస్సీ లెక్కల దగ్గర ఆగిన చదువుని పదిహేనేళ్ల తరవాత ఆ జూన్‌లోనే మళ్లీ తీశాను, దూరవిద్యలో ఎమ్మెస్సీ. పాఠాలు ఆ లైన్లోనే దిగాలి, జవాబులు ఆ లైన్లోనే ఎక్కాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగుదాకా నా పాఠం నడుస్తుంటే వరసలో ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూచునేవారు, నేనయ్యాక వంతులవారీగా తమ పని చూసుకునేవారు. వాళ్లిళ్లలోనూ కంప్యూటర్లున్నాయి. వాటికి మొగుళ్ల పాస్‌వర్డులు కూడా ఉన్నాయి.

పెట్టె బిగుసుకుపోవడం జూలైలో మొదలైంది. ఉన్నట్టుండి ఎనిమిదిళ్లలోనూ లైను పోయేది. తెరమీద తెల్లక్షరాలు ఎక్కడివక్కడే ఉండిపోయేవి, ఏ మీట నొక్కినా పలుకుండేది కాదు. ఆపి మళ్లీ పెడితే మర్నాడు అదే వేళదాకా బుద్ధిగా పనిచేసేది.

తెర అడుగున ఆఖరి పంక్తిలో మాత్రం నెట్‌వర్క్ మెమరీ అయిపోయిందని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి చచ్చేది. మా కాలనీ కమిటీ కార్యదర్శి రాజేశ్వరరావు గారు వచ్చి ఆ ముక్కలో 'మెమరీ' అన్న ఒక్క మాటా చదివి, మిగతాది చదవకుండా జగదల్‌పూర్ బస్సెక్కారు. కొత్త మెమరీ పట్టుకొచ్చి స్వహస్తాలతో బిగించారు.

"చూడండమ్మా, ఇప్పుడు రెండింతలైంది. ఇహ కొండని మోస్తుంది" అన్నారు.

మర్నాడు మూడుంబావుకి కొండని మొయ్యకుండానే చచ్చిపోయింది.

ఆ ఆదివారం మా వరండాలో మీటింగు పెట్టారు. మగవాళ్లు కుర్చీల్లో, మేం గుమ్మంలో. రాజేశ్వరరావు గారు కాగితం విప్పారు.

"నేను లెక్క రాశాను. పద్దెనిమిది సార్లు ఆగింది. పద్దెనిమిదీ మధ్యాహ్నమే. ఆదివారం ఒక్కసారైనా ఆగలేదు. ఆదివారం ఎవరు వాడతారు? మేం. మిగతా రోజులు మధ్యాహ్నం ఎవరు వాడతారు?" అని కళ్లజోడు పైనుంచి గుమ్మంవైపు చూశారు.

"మనమేనొదినా" అంది నా పక్కనున్న గంగారత్నం, మెల్లిగా. నాలుగో నంబరు క్వార్టరు ఆవిడది. ఆ కళ్లజోడు ఆవిడ భర్తదే.

లెక్క చదివినదాన్ని, లెక్క తప్పని ఎలా అంటాను? పద్దెనిమిదికి పద్దెనిమిది. కానీ వాన పడ్డ రోజే గొడుగులు కనపడతాయని గొడుగుల వల్ల వాన పడుతుందనరు కదా. ఆ మాటే అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఆయన ఒక్కరు దగ్గారు.

"ఏమైనా నలుగురు చేతులేసే చోట అది ఉండకూడదు" అన్నారు రాజేశ్వరరావు గారు. "సెప్టెంబరు ఒకటి నుంచి క్లబ్బులో పెడతాం. బీరువాలో, తాళం వేసి."

"మరి మేం?"

"క్లబ్బులో లేడీస్ టైము ఉంది కదమ్మా. ఆదివారం పదినుంచి పన్నెండు."

ఆదివారం పదినుంచి పన్నెండుదాకా మా వరసలో ఏ ఆడదాని చేతికైనా మసాలా నూరడం తప్ప ఇంకేం తగులుతుంది? నా మొదటి జవాబు పత్రాలు సెప్టెంబరు పదికల్లా వెళ్లాలి. పెట్టె గడప దాటితే ఎమ్మెస్సీ కూడా దాంతోపాటే దాటుతుంది.

"ఎందుకు ఆగుతోందో ఈలోగా నేను చూపిస్తే?" అన్నాను.

"మీరా?"

"నేనే."

"చూపించండమ్మా, చూపించండి. చూపిస్తే మీ ఇంట్లోనే ఉంచుకోండి" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వుతోనే మీటింగు ముగిసింది.

ఇక్కడ మా వరస ఆచారం ఒకటి చెప్పాలి. కొండమీద పేలుడు పెట్టే ముందు రోజూ మూడింటికి సైరన్ మోగుతుంది. పదకొండేళ్ల కిందట సరిగ్గా సైరన్ మోగుతుండగా ఎనిమిదో నంబరులో టీవీ ఒకటి ఢామ్మని పేలింది. ఎందుకు పేలిందో ఎవరూ అడగలేదు. ఆ మర్నాటినుంచి సైరన్ మోగగానే అన్నిళ్లలోనూ కరెంటు మెయిన్ దించెయ్యడం, ఆపత్తు పోయిందని రెండో సైరన్ మోగాక ఎత్తడం. కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించకముందు మెయిన్ ఎక్కడుందో చూపించేవారు. రాజేశ్వరరావు గారు కార్యదర్శి అయ్యాక దానికో నోటీసు కూడా అచ్చు కొట్టించి ఇంటింటా అంటించారు. ఆ టీవీ పోయి పదకొండేళ్లయినా దాని దినం మేం రోజూ పెడుతూనే ఉన్నాం. నేనూ దించేదాన్నే. గేట్‌వేకి మాత్రం బ్యాటరీ ఉంది, అది ఆగదు. దాని తెర ఆరిపోయేది. ఆ పావుగంటా మేం వరండాలో టీ తాగేవాళ్లం. కరెంటెత్తి లోపలికొచ్చేసరికి పెట్టె బిగుసుకుని ఉండేది.

ఇంత కళ్లెదురుగా ఉన్నా నెలరోజులు నాకు కనపడలేదు. దాన్ని నాకు చూపించింది వాన.

ఆగస్టులో ఒక గురువారం కొండ మొత్తం మబ్బులో మునిగింది. ఆవేళ ఆడవాళ్లందరం ఉన్నాం, మామూలుకన్నా ఇద్దరు ఎక్కువే. నాలుగైంది. పెట్టె ఆగలేదు. నాలుగున్నరైంది. ఆగలేదు. నాకు అనుమానమొచ్చి మీట నొక్కి చూశాను, నిజంగానే బతికుంది. రాజేశ్వరరావు గారి లెక్కకి అదే మొదటి కన్నం.

అంతలో బుధ్రాం వచ్చాడు. మా కాలనీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. మా భాషవాళ్ల మధ్య ఇరవయ్యేళ్లు పనిచేసి మా తెలుగుని తన హిందీలో కలిపి మాకే తిరిగి వడ్డించేవాడు. వానకి తీగలు చూడ్డానికొచ్చాడు.

"ఏంది భాభీ, ఇవాళ మీ లైనుకి తబియత్ ఠీకా?" అన్నాడు.

"ఇవాళ బాగుంది బుధ్రాం. ఎందుకో తెలీట్లేదు."

"నా మీటరు కూడా ఇవాళ బాగుంది. రోజూ మూడింటికి మీ వరస లోడు ధడామ్మని పడిపోతది. ఇవాళ పడలే. సైరన్ లేదు కదా. మబ్బులో బ్లాస్టింగ్ బంద్."

నేను టీ గ్లాసు అతని చేతిలో పెట్టబోయి నేలమీద పెట్టాను.

"ఆదివారం?" అన్నాను.

"ఆదివారం కూడా బ్లాస్టింగ్ ఉండదు భాభీ. మీకు ఎరుకే కదా."

ఎరుకే. పదిహేనేళ్లుగా ఎరుకే.

ఆ సాయంత్రం విశాఖకి ఫోన్ చేశాను. గవర్రాజు గారు మొత్తం విని, "మెమరీ రెండింతలు చేశారా? దండగ" అన్నారు. పెట్టెలో మెమరీ ఎంతున్నా, తెచ్చిన సరుకు పట్టుకుని నిలబడ్డానికి అందులో కొన్ని గడులు మాత్రమే విడిగా కేటాయించి ఉంటాయట. మా పెట్టెకి వెయ్యిన్నీ ఇరవైనాలుగు. అవి నిండితే ఇంకో అక్షరం కూడా పట్టదు, బిగుసుకుపోతుంది. ఎన్ని వాడకంలో ఉన్నాయో చూపించే ఆజ్ఞ ఒకటి, ఏ ఇంటికోసం ఎన్ని ఉన్నాయో చూపించేది ఇంకొకటి చెప్పారు. నోటుబుక్కులో రాసుకున్నాను. గడులెందుకు నిండుతున్నాయో మాత్రం నాకు అంతుపట్టలేదు.

మా ఆయన ఆవేళ ఎర్రగా తడిసి ఇంటికొచ్చి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ కొండనీ రైల్వేనీ కలిపి తిట్టడం మొదలెట్టారు.

"మళ్లీ ప్లాంటు ఆపేశాం. ఘాట్ రైలుదారిలో కొండచరియ పడిందట. ఖాళీ వ్యాగన్ల రేక్ రాలేదు."

"కొండంత ఖనిజం ఉంది కదండీ?"

"ఖనిజం ఎంతుంటే ఏం లాభమే? వ్యాగన్లుండాలి కదా. ఉన్నవన్నీ నింపి పంపాం. దారి మూసుకుపోయి, మధ్యలో దింపుకునేవాడు లేక సరుకుతోనే నిలబడిపోయాయి. అవి ఖాళీ అయి తిరిగొస్తేగాని ఇక్కడ బెల్టు తిరగదు."

నేను ఆయన్నే చూస్తూ కూచున్నాను.

"ఏంటలా చూస్తావు?"

"ఇంకోసారి చెప్పండి."

"ఏది?"

"దింపుకునేవాడు లేకపోతే ఏమవుతుందన్నారు?"

పదిహేనేళ్ల కాపరంలో ఆయన ఉద్యోగం గురించి నేనడిగిన మొదటి ప్రశ్న అది. పాపం, మురిసిపోయి అన్నం చల్లారేదాకా చెప్పారు.

మర్నాడు సైరన్ మోగింది. ఆడవాళ్లంతా లేచారు. నేను లేవలేదు.

"ఒదినా, మెయిను!" అంది గంగారత్నం.

"ఇవాళ నేను దించను."

"ఏటొదినా, పిచ్చా? పేలిపోద్ది!"

"పేలితే రేపు దించుతాను. నువ్వెళ్లి మీది దించు, రోజూలాగే."

ఆవిడ నావైపు జాలిగా చూసి పరుగెత్తింది. మిగతావాళ్లు కూడా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. మొదటి ఆజ్ఞ కొట్టాను, తెరమీద అంకె మూడువందల చిల్లర చూపిస్తోంది. బయట ఒక్కో ఇంట్లో ఫ్యాను ఆగిన చప్పుడు. అంకె నాలుగువందలైంది, అయిదువందల యాభై అయింది. కొండమీద ఢమ్మని దూరంగా పేలింది. మా టీవీ పేలలేదు. ఎనిమిదివందలు. మెయిన్ దించిన ఇల్లు పోతున్నానని చెప్పి పోదు కదా. దానికోసం తెచ్చిన సరుకుని నెత్తిన పెట్టుకుని, ఎప్పుడు తలుపు తీస్తారా అని పెట్టె గుమ్మం ముందే నిలబడి ఉంటుంది. రెండో ఆజ్ఞ కొట్టాను. ఏడిళ్లకి తలా పదీ పన్నెండూ. నాలుగో నంబరుకి ఏడువందల నలభై, ఇంకా పెరుగుతూ.

వెయ్యిన్నీ ఇరవైనాలుగు దగ్గర తెర బిగుసుకుపోయింది. ఒక్కదాన్నే కూచుని చప్పట్లు కొట్టాను.

రెండో సైరన్ మోగాక గంగారత్నం అందరికన్నా ముందొచ్చి మా టీవీని పైనుంచి కిందదాకా చూసింది.

"పేల్లేదేటి?"

"పేల్లేదు. రత్నం, పగలు మీ కంప్యూటర్లో ఏం నడుస్తుంటుంది?"

"ఏమోనొదినా. డ్యూటీకెళ్తా పెట్టేసి వెళ్తారు. ముట్టుకోకు, ఆఫీసు పనీ అంటారు. తెరమీద గళ్లుగళ్లుగా వందల కొద్దీ గీతలు పరిగెడతంటాయి."

"ఆ గీతల పక్కన పేర్లేమన్నా ఉంటాయా?"

"ఉంటాయి. ఇంగ్లీషు సినిమా పేర్లనాగుంటాయి." ఆవిడ ఆగింది. నా మొహం చూసింది. తరవాత కొంగు నోటికడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. "ఆఫీసు పనంట! రోజూ నేను దీపం పెట్టినంత భక్తిగా దుమ్ము దులుపుతన్నాను దానికి."

ఒక సినిమాని ముక్కలు ముక్కలుగా వందలమంది దగ్గరనుంచి ఒకేసారి లాగే యంత్రమది. పొద్దున ఆయన దాన్ని తోలి వెళ్లడం, మూడింటికి ఆయన అచ్చు కొట్టించిన నోటీసు ప్రకారమే ఆవిడ మెయిన్ దించడం. వందలకొద్దీ వ్యాగన్లు సరుకుతో వచ్చి ఆ గుమ్మంలో నిలబడిపోవడం. రెండో సైరన్ మోగేలోపు వరసంతటికీ ఒక్క ఖాళీ వ్యాగను మిగలకపోవడం.

"ఈ సంగతి మీ ఆయనతో చెప్తావా?" అన్నాను.

"నానెందుకు సెప్తాను? పది మందిలో ఆయనే సూసుకోవాల."

ఆగస్టు ఆఖరి శనివారం సైరన్‌కి పది నిమిషాల ముందు రాజేశ్వరరావు గారు వచ్చారు. వెంట మోయడానికి ఇద్దరు మనుషులు, మూయడానికి ఒక గోనెపట్టా. మా ఆయన ఫస్టు షిఫ్టు దిగి ఇంట్లోనే ఉన్నారు. చుట్టూ వరస ఆడవాళ్లం. గంగారత్నం మాత్రం తన ఇంట్లో ఉంది, కిటికీ దగ్గర.

"ఏమ్మా, కారణం దొరికిందా?"

"దొరికిందండి. పది నిమిషాలు కూచుంటే చూపిస్తాను. కాఫీ తాగుతారా?"

"కూచోడానికి రాలేదమ్మా. ఇది కమిటీ ఆస్తి."

"పెట్టె కమిటీదే. బల్ల మాది. తీగ దూరిన కిటికీ కంపెనీది. ఏది పట్టుకెళతారో తేల్చుకునేలోపు కాఫీ అయిపోతుంది" అని గుమ్మానికీ పెట్టెకీ మధ్య కుర్చీ వేసుకుని నేను కూచున్నాను. కూచున్న మనిషిని దాటించి పెట్టె ఎత్తాలంటే మనిషిని కూడా ఎత్తాలి. మోసేవాళ్లిద్దరూ మా ఆయన మొహం చూశారు. ఆయన తీరిగ్గా పేపరు తిరగేశారు. రాజేశ్వరరావు గారు విసుగ్గా పక్క కుర్చీలో కూలబడ్డారు.

సైరన్ మోగింది. ఒక్క ఆడదీ కదల్లేదు.

"అయ్యో, మెయిన్లు! ఎవరూ దించరేమిటి?" రాజేశ్వరరావు గారు కుర్చీలోంచి సగం లేచారు.

"ఇవాళ దించట్లేదండి" అన్నారు ఆడవాళ్లు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కొండమీద పేలింది. అన్ని టీవీలూ క్షేమం. తెరమీద అంకె మూడువందల ఇరవై దగ్గర నింపాదిగా ఊగుతోంది.

"ఇందులో చూపించిందేముంది? ఇవాళ బాగుంది, అంతేగా?"

నేను కిటికీలోంచి కేకేశాను. "రత్నం! ఇప్పుడు దించు!"

నాలుగో నంబరులో టక్కుమంది. అంతే, ఒక్క ఇల్లు. అంకె నాలుగువందలైంది. అందరూ తెరమీదికి వంగారు. ఆరువందలు. మా ఆయన పేపరు పక్కన పెట్టి లేచొచ్చారు. తొమ్మిదివందలు.

"ఇవి నీ వ్యాగన్లా?" అని నెమ్మదిగా అడిగారు.

"ఆ. దింపుకునేవాళ్లు లేరు."

వెయ్యిన్నీ ఇరవైనాలుగు. తెర బిగుసుకుపోయింది.

"అదిగో! ఆగిపోయింది! నేను చెప్పలేదూ?" అన్నారు రాజేశ్వరరావు గారు అలవాటు కొద్దీ. తానేమన్నారో ఆయనకి కాస్త ఆలస్యంగా వినపడింది.

అప్పుడు గంగారత్నం తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "ఏవండీ, ఆఫీసు పని ఆగిపోనాదండి. పాపం, సగం దిగింది. కత్తి పట్టుకున్నోడి బొమ్మ ఉంటాది, అదే" అంది అమాయకంగా.

ముందు నవ్వింది మోసేవాళ్లలో ఒకడు. ఆ తరవాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక.

పెట్టె కదల్లేదు. మళ్లీ ఫోన్ చేస్తే గవర్రాజు గారు చెప్పిన నాలుగు ఆజ్ఞలు ఆ సాయంత్రమే కొట్టాను. ఒక్కో ఇంటికి ఇన్ని వ్యాగన్లే. తలుపు తీయని ఇంటి ముందు రెండు నిమిషాలకి మించి నిలబడకూడదు. నాలుగో నంబరుకి కూడా అందరితో సమానంగానే ఇచ్చాను. ఆయన సినిమాలు ఆపమని నేనడగలేదు, ఇక వారానికొకటి దిగుతుంది. నా జవాబు పత్రాలు సెప్టెంబరు ఏడునే వెళ్లిపోయాయి.

ఆ తరవాతి వారం క్లబ్బునుంచి కమిటీ మినిట్సు రిజిస్టరు సంతకానికి వచ్చింది. మా ఆయన సంతకానికి. 'గేట్‌వే ఆగిపోవు సమస్య శ్రీ చక్రధరరావు గారి చొరవతో పరిష్కరింపబడినది. పెట్టె తాత్కాలికముగా వారి పర్యవేక్షణలోనే ఉండును' అని రాజేశ్వరరావు గారి గుండ్రటి దస్తూరి. మా ఆయన చదివి, నావైపు చూడకుండా రిజిస్టరు నావైపు తోశారు.

నేను పెన్ను తీసి 'శ్రీ చక్రధరరావు గారి' కొట్టేశాను. పైన 'తాయారమ్మ, బి.ఎస్సీ.' అని రాశాను. 'వారి' కొట్టేసి 'ఆమె' అని రాశాను. 'తాత్కాలికముగా' అన్నది ఊరికే కొట్టేశాను.

"రిజిస్టర్లో కొట్టివేతలు చెల్లవే" అన్నారాయన.

"పక్కన సంతకం పెడితే చెల్లుతాయి."

ఆయన మూడు కొట్టివేతల పక్కనా మూడు సంతకాలు పెట్టారు, ప్లాంటు లాగ్‌బుక్కులో పెట్టినంత శ్రద్ధగా. అది అక్కడితో పంపేసి ఉండొచ్చు. నేను చంకలో పెట్టుకుని ఏడిళ్లూ తిరిగాను. 'సభ్యుల సంతకములు' అన్న చోట గంగారత్నం పలక మీద దిద్దినట్టు తన పూర్తి పేరు రాసింది, ఇంటిపేరు పుట్టింటిది. మిగతావాళ్లు తెలుగులో కొందరు, హిందీలో ఇద్దరు.

ఆఖర్న ఒక గడి మిగిలింది. 'పెట్టె తరలించు తేదీ' అని ఉంది, పక్కన ఖాళీ. అందులో ఈ చివర్నుంచి ఆ చివరికి స్కేలు పెట్టి గీత కొట్టాను, తరవాత ఎవరూ ఏమీ రాయడానికి చోటు మిగలకుండా.